క్రొత్త సంఘమునకు వ్రాతపద్ధతు లెప్పుడు కావలెను?

రైతులు పదిమంది కలసి ఏదేని క్రొత్త కార్యము నారంభించినపుడు రెండు విధములైన సలహాలు వినవచ్చుచుండును. "మొదటినుండియే పుస్తకములు, నిబంధనలు, రిజిస్టర్లు అన్నియు నుండవలెను, లేకున్న సంఘము చెడును" అని కొందరందురు. "మనలో మనకు కాగితము లెందులకు? ముందు పని సాగనిండు, తరువాత చూచుకొందము" అని మరికొంద రందురు. ఈ రెండు మాటలలోను కొంత సత్యము కలదు. రెండింటివలనను చెడిన సంఘములును కలవు.

బీరగింజ నాటినవాడు మొలక కనబడకమునుపే పెద్ద పందిరి వేయుటకు వెదుళ్లు కొనడు. అట్లని తీగ నాలుగువైపుల నేలపై నల్లుకొనిపోయినదాక ఊరకుండడు. అప్పుడు లేవనెత్త జూచినచో కణుపులు విరుగును, పిందె రాలును. తీగ చేయి చాచు అదను చూచి గుంజ పాతుట నేర్పరి లక్షణము. సంఘమునకు వ్రాతపద్ధతులును ఇట్టివే. ఆ అదను నెట్లు గుర్తింపవలెనో, ముందుగా వ్రాయవలసిన దేదో, తరువాత వ్రాయదగిన దేదో మా సభ్యుల యుపయోగార్థమై ఇచ్చట వివరింతుము.

మొదట మాట ఏల చాలును?

పండ్రెండుగురు రైతులు కలసి వేరుసెనగ విత్తనము టోకున తెప్పించుకొన దలచిరనుకొందము. వారందరు ఒకే వీధివారు. ఎవరెంత ఇచ్చిరో, ఎవరికెన్ని బస్తాలు రావలెనో అందరికిని తెలియును. సందేహము కలిగినచో సాయంకాలము రచ్చబండవద్ద తీరిపోవును. పండ్రెండుగురిలో ఇద్దరిద్దరుగా లెక్కించిన 66 జతలగును. అన్ని జతలవారును ఒకరి నొకరు ఎరిగినవారే.

సభ్యులు 40 మంది కాగానే జతలు 780 అగును. 300 మంది అయినచో 44,850 అగును. సభ్యులు ఇరువదియైదు రెట్లు పెరుగగా, ఎరుక యుండవలసిన జతలు ఆరువందల రెట్లకు పైగా పెరిగినవి. ఏ మనుష్యుడును ఇంతమంది నడుమ మాటను మోయలేడు. మంచి మనసుతో మొదలయిన సంఘములు నలువదవ సభ్యుని తరువాత తగవులపాలగుటకు ఇది యొక ముఖ్యకారణము. మనుష్యులు చెడ్డవారైనందున గాక, మాట పట్టుచాలనందున చిక్కులు కలుగును.

అయినను మొదటి పంటకాలముననే పెద్ద నిబంధనావళి వ్రాసికొనుట మంచిది కాదు. ఏలయన, సంఘము విత్తనము కొనునో, ఎరువు కొనునో, పంట నమ్మునో అప్పటికి స్థిరపడి యుండదు. అనుభవము లేకుండ వ్రాసిన నిబంధన వట్టి ఊహ. ఊహను కాగితముపై నెక్కించినచో దాని నతిక్రమించుట మొదటి నెలలోనే అలవాటగును. ఒక నిబంధనను త్రోసివేయుట నేర్చిన సంఘము తక్కిన నిబంధనలనుగూడ త్రోసివేయును. అంతేగాక విత్తులు వేయు అదనులో పది రిజిస్టర్లు నింపుటకు ఎవరికిని తీరిక యుండదు.

మొదటినాడే కావలసిన మూడు

ఎంత చిన్న సంఘమునకైనను మూడు వ్రాతలు మొదటిదినముననే యుండవలెను. మొదటిది సొమ్మునకు రశీదు. రెండవది సరుకునకు తూకపు చీటి. మూడవది నలుగురు కూర్చుండి చేసిన తీర్మానమును తేదీతో, సంతకములతో ఒక పుస్తకములో వ్రాయుట. ఈ మూడింటికి మూడు నోటు పుస్తకములు చాలును. "అన్నదమ్ములైనను లెక్క లెక్కే" యని మన పెద్దలు నమ్మకము లేక అనలేదు. లెక్క తేలిన యింట బంధుత్వము నిలుచునని చూచి యనిరి.

ఇప్పుడు అనేకులు ఫోనుద్వారా సొమ్ము పంపుచున్నారు. అది మంచిదే. కాని ఆ సొమ్ము కార్యదర్శి సొంత ఖాతాలో పడినచో, సంఘపు రూపాయి ఏదో అతని రూపాయి ఏదో ఆరునెలల తరువాత అతడే చెప్పలేడు. కావున సంఘము పేరిట బ్యాంకుఖాతా తెరచి, ఇద్దరి సంతకములపై నడుపుట ఈ మూడింటితో పాటు చేయవలసిన పని.

రాచ్‌డేల్ నేతపనివారు చేసినది

సహకారోద్యమ చరిత్రలో అందరు నెరిగిన దృష్టాంత మొకటి కలదు. ఇంగ్లండు దేశమున రాచ్‌డేల్ పట్టణములో నేతపనివారు మొదలగు పేదలు కలసి 28 పౌనుల మూలధనము కూడబెట్టి, 1844వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీని టోడ్ లేన్ అను వీధిలో ఒక చిన్న అంగడి తెరచిరి. వెన్న, పంచదార, పిండి, క్రొవ్వొత్తులు మొదలగు కొలది సరుకులే అందు ఉండెను. కొలది దినములు సాయంకాలములందు మాత్రమే తలుపు తీసెడివారు. అమ్మకము, లెక్క సభ్యులే చూచుకొనెడివారు.

ఇంత చిన్న అంగడి యయ్యును, తలుపు తీయకమునుపే వారు కొన్ని నిబంధనలు వ్రాసికొనిరి. సంఘము అరువు తేరాదు, అరువు ఈయరాదు. మూడు మాసముల కొకసారి సభ్యులందరు కూడవలెను. ఆ సభలో లెక్క చెప్పవలెను. అధ్యక్షుడు, కోశాధికారి, కార్యదర్శి ఎవరి పని వారు చేయవలెను. సొమ్మునకు, అధికారమునకు సంబంధించిన ఈ మాటలను వారు వాయిదా వేయలేదు. అంగడి నడుపుటలోని తక్కిన పద్ధతులను పని పెరిగినకొలది చేర్చుకొనిరి, మార్చుకొనిరి. 1845 చివరకు వారి సంఖ్య 74 అయినది. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1937లో సహకారసూత్రములను ప్రకటించినపుడు ఈ చిన్న అంగడి నడిచిన త్రోవనే ఆధారముగా గైకొన్నది.

సొమ్ముమాట ముందు వ్రాయుము, పనిమాట పని నేర్చిన తరువాత వ్రాయుము. రాచ్‌డేల్ వారినుండి మనము గ్రహింపవలసినది ఇదియే.

ఖేడా పాలవారి దృష్టాంతము

మన దేశములో గుజరాతు ప్రాంతమున ఖేడా జిల్లా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘము 1946 డిసెంబరు 14వ తేదీని రిజిస్టరయ్యెను. మొదట రెండు గ్రామసంఘములు, దినమునకు సుమారు 250 లీటర్ల పాలు మాత్రమే. 1948 చివరకు నాలుగువందలకు పైగా రైతులు చేరిరి. పాలు దినమునకు 5,000 లీటర్లకు పెరిగెను. ఈనాడు అమూల్ అను పేరు వినని వారుండరు.

ఆనందు పద్ధతి యని పేరుగన్న ఆ గ్రామసంఘములలో ప్రతి సభ్యుని పాలు రెండుపూటల విడివిడిగా కొలుతురు, విడిగా మచ్చు తీసి వెన్నశాతము పరీక్షింతురు, అతని పుస్తకములో వ్రాయుదురు, ఆ శాతమునుబట్టి ధర కట్టుదురు. ఇంత శ్రమ యెందులకు? పదిమంది పాలు ఒకే క్యానులో కలిసినతరువాత చిక్కనిపాలు పోసిన వా డెవడో, నీరు కలిపిన వా డెవడో దేవతలకైనను తెలియదు. అప్పుడు మంచిపాలు పోసినవాడు నష్టపోవును. రెండు నెలలు నష్టపోయిన పిమ్మట అతడును నీరు కలుపుట మొదలిడును, లేదా సంఘమును విడిచిపోవును.

దీనినుండి మన కొక సూత్రము దొరకుచున్నది. ఎచ్చట ఒకరి సరుకు మరొకరి సరుకుతో కలిసిపోవునో, అచ్చట కలియకమునుపే కొలతయు వ్రాతయు నుండవలెను. పాలకైనను, మిరపకైనను, పసుపునకైనను, ధాన్యమునకైనను ఇదే నియమము.

అదను వచ్చినదని తెలుపు గురుతులు

ఈ క్రింది గురుతులలో ఏ యొక్కటి కనబడినను, దానికి సంబంధించిన పద్ధతిని ఆ పంటకాలములోనే వ్రాసికొనవలెను.

1. ముఖ మెరుగని సభ్యుడు చేరినప్పుడు. పొరుగూరివాడు మొదటి వాటా సొమ్ము కట్టినదినముననే సభ్యత్వపు షరతులు వ్రాతలో నుండవలెను.

2. సంఘపు సొమ్ము ఒకరి యింట రాత్రి గడుపవలసి వచ్చినపుడు. ఎంతవరకు చేతిలో నుంచుకొనవచ్చునో, మిగత ఎన్నడు బ్యాంకులో కట్టవలెనో తీర్మానింపవలెను.

3. ఒకే ప్రశ్న మూడవసారి వచ్చినపుడు. "తేమ ఎక్కువైన ధాన్యమునకు ఎంత తగ్గింతురు?" అని ముగ్గురు అడిగి మూడు జవాబులు పొందినచో, సంఘము ముగ్గురు శత్రువులను సంపాదించుకొన్నదన్నమాట.

4. మొదటి జీతగానిని పెట్టుకొన్నపుడు. సభ్యుడు ఊరకే చేసిన పనికి మాట చాలును. జీతము తీసికొనువానికి అతని పని యేదో, ఎవరికి జవాబుదారియో కాగితముపై చెప్పవలెను.

5. సరుకు వారములతరబడి నిల్వయుండునపుడు.

6. బయటివారితో అప్పుగాని, ఒప్పందముగాని చేయునపుడు.

7. ఒక మనుష్యుడు జ్వరపడగా సంఘపు పని నిలిచిపోయినపుడు. ఈ గురుతును చాలమంది పొగడ్తగా భావింతురు. "ఆయన లేనిదే ఆకు కదలదు" అనుట ఆయనకు గౌరవము కావచ్చును; సంఘమునకు మాత్రము అపాయము. ఆయన చేయు పనిని ఆయన చేతనే ఒక పుటలో వ్రాయించుకొనవలెను.

వ్రాత లేమిచే దోషియైన నిర్దోషి

నిల్వ సరుకు విషయమున పద్ధతి ఆలస్యమైనచో ఏమగునో లెక్కవేసి చూతము. ఒక సంఘము 17 శాతము తేమగల ధాన్యము 500 క్వింటాళ్లు కొని గోదాములో నుంచిన దనుకొందము. కొన్నివారములలో ఆ ధాన్యము ఆరి తేమ 14 శాతమునకు దిగినది. 100 కిలోల ధాన్యములో 17 శాతము నీరు పోగా గట్టిపదార్థము 83 కిలోలు. ఆరిన పిదప అదే 83 కిలోలు మొత్తములో 86 వంతులగును. అనగా బరువు 96 కిలోల 512 గ్రాములకు దిగును. క్వింటాలుకు మూడున్నర కిలోలకు ఇంచుమించుగా తరుగు. 500 క్వింటాళ్లకు 17 క్వింటాళ్ల 44 కిలోలు. 40 కిలోల బస్తాలుగా లెక్కించినచో 43 బస్తాలకు పైగా తగ్గినవి.

ఎవరును దొంగిలింపలేదు. ఎలుకలు తినలేదు. గాలి త్రాగినది నీరు మాత్రమే. కాని లోనికి వచ్చిననాటి తేమ వ్రాసియుండకపోయినచో, బయటికి పోవునాడు కాటామీద 43 బస్తాలు తగ్గగా గోదాము చూచువానిని ఊరు ఏమనును? అతడు ప్రమాణము చేసినను నమ్మువారుండరు. అతని బిడ్డలు ఆ మాటను మోయుదురు. అతని పక్షమువారు సంఘమును విడుతురు. మాట పోయిన మనుష్యుడు తిరిగి రాడు. రెండుగా చీలిన సంఘము తిరిగి అతుకుకొనదు.

దీనికి కావలసిన దేమి? ఒక నోటు పుస్తకము, అందు ఆరు గళ్లు: తేదీ, సభ్యుని పేరు, బస్తాలు, తూకము, తేమ, ఇద్దరి సంతకములు. సరుకు వెళ్లునపుడును ఇవే గళ్లు. తేమ కొలుచు చిన్న యంత్ర మొకటి. ఇంతమాత్రము పద్ధతి యున్నచో ఆ 17 క్వింటాళ్ల తరుగు నేరముగాక లెక్కయగును. అంతేగాక నిజముగా దొంగతనము జరిగినచో అదియు బయటపడును. ఏలయన, ఆరుటవలన పోవలసిన దెంతో ముందే తెలిసియున్నది గదా.

విత్తనపు చీటీలు దాచుట

ఇట్టిదే మరియొక చిన్న పద్ధతి విత్తనమునకు సంబంధించినది. ధ్రువీకృత విత్తనపు సంచికి నీలిరంగు చీటీ యుండును. దానిపై లాటు సంఖ్య, గడువుతేదీ యుండును. ధ్రువీకృత వరివిత్తనమునకు కనీసపు మొలకశాతము 80, వేరుసెనగకు 70. సంఘము టోకున తెచ్చి సంచులు విప్పి పంచినపుడు ఆ చీటీలు చెత్తలో పడును. పైరు మొలవనపుడు ఏ లాటు ఎవరికి పోయినదో చెప్పువారుండరు.

విత్తనము కొన్న రైతు వినియోగదారుడే యనియు, నష్టపరిహారమునకై వినియోగదారుల న్యాయస్థానమున కెక్కవచ్చుననియు 2012లో భారత సుప్రీముకోర్టు నిర్ణయించినది. ఆ హక్కు చేతికి దక్కవలెనన్న బిల్లు, చీటీ యుండవలెను గదా! కావున విత్తనము తెచ్చు సంఘము మొదటి పంటకే ప్రతి లాటు చీటీని పుస్తకములో అంటించి, దాని యెదుట తీసికొన్నవారి పేర్లు వ్రాసి, ప్రతి లాటునుండి కొంత విత్తనము మచ్చుగా దాచవలెను. పంచకమునుపు నూరు గింజలు తడిగోనెలో చుట్టి మొలకెత్తించి చూచినచో మరింత మంచిది.

పద్ధతి నెట్లు వ్రాయవలెను?

మేము గ్రామములలో క్రొత్తరకపు పైరు నెన్నడును ఊరంతట ఒకేసారి వేయింపము. ముందు కొలది సెంట్లలో వేయించి, ప్రక్కనే పాతరకము నుంచి, రైతులచే చూపించి, తరువాత విస్తరింపజేయుదుము. నిబంధనలనుగూడ ఇట్లే పరీక్షింపవలెను.

మొదట, ఆ పనిని సంఘములో బాగుగా చేయుచున్న వానిని పిలిచి, అతడు చేయునదే వ్రాయవలెను. పట్టణమునుండి తెచ్చిన నమూనాలు మన కాటావద్ద పొసగవు. రెండవది, ఒక పద్ధతి ఒక పుటకు మించరాదు. ఎవరు, ఎప్పుడు, ఏ కాగితముపై అను మూడు ప్రశ్నలకు జవాబున్న చాలును. మూడవది, సొమ్ము పుచ్చుకొనువాడు, లెక్క వ్రాయువాడు, తనిఖీ చేయువాడు ఒక్కడే కారాదు. నాలుగవది, ప్రతి పుస్తకమునకు చదువువా డుండవలెను. ఎవరును చదువని రిజిస్టరు వ్రాయువానిచే అబద్ధములు వ్రాయించును; అట్టిదానిని సంవత్సరాంతమున తీసివేయుటయే మేలు. ఐదవది, ఒక పంటకాలము నడిపి సర్వసభ్య సభలో చదివి, చిక్కుపెట్టిన మాటలు దిద్ది, ఆ తరువాత తీర్మానముగా స్థిరపరుపవలెను.

రిజిస్టరు చేయించుట

"సంఘమును చట్టప్రకారము ఎప్పుడు రిజిస్టరు చేయింపవలెను?" అని పలువురు అడుగుచుందురు. సహకారసంఘముగా 1964వ సంవత్సరపు చట్టము క్రిందగాని, పరస్పర సహాయక సంఘముగా 1995వ సంవత్సరపు చట్టము క్రిందగాని చేరవచ్చును. కంపెనీల చట్టమునకు 2002లో జరిగిన సవరణచే ఉత్పత్తిదారుల కంపెనీ యను మార్గము కూడ ఏర్పడినది. పదిమంది ఉత్పత్తిదారులున్న చాలును. కాని రిజిస్టరైన నాటినుండి విధులు మొదలగును. డైరెక్టర్లు ఐదుగురికి తక్కువ కారాదు, పదునైదుగురికి మించరాదు. మూడునెలల కొకసారియైనను డైరెక్టర్లు కూడవలెను. తొంబది దినములలో మొదటి వార్షికసభ జరుగవలెను. ఏటేట లెక్కలు తనిఖీ చేయించి దాఖలు చేయవలెను. తప్పినచో జుల్మానాలు పడును.

2020లో కేంద్రప్రభుత్వము పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల నేర్పరచు పథకము ప్రారంభించినది. మైదాన ప్రాంతములందు ఒక్కొక్క సంస్థకు కనీసము 300 మంది సభ్యులుండవలెనని నియమము. అట్టి సహాయము మంచిదే. కాని సహాయము వచ్చుచున్నదని, చేయవలసిన వ్యాపార మేదో తేల్చుకొనకమునుపే 300 పేర్లు కూర్చి రిజిస్టరు చేయించిన సంఘమునకు పందిరి మిగులును, పాదుండదు. అప్పు తేవలసివచ్చినపుడు, గోదామో యంత్రమో సొంతముగా కొనవలసివచ్చినపుడు, బయటి వర్తకునితో పెద్ద ఒప్పందము కుదుర్చుకొనవలసివచ్చినపుడు మాత్రము ఆలస్యము చేయరాదు. ఏలయన, రిజిస్టరుకాని గుంపుపేర చేసిన అప్పు సంతకముచేసిన వారి పొలములమీదికి వచ్చును.

"నామీద నమ్మకము లేదా?"

పద్ధతులు ప్రవేశపెట్టునపుడు వచ్చు మొదటి ఆక్షేపణ ఇదియే. సాధారణముగా సంఘమును తన చెమటతో నిలిపిన పెద్దమనుష్యుడే ఈ మాట యనును. ఆయన మనసు నొచ్చుట సహజము. ఆయనకు మర్యాదగా చెప్పవలసిన దేమనగా: "అయ్యా, తమయందు మాకు నమ్మకము కలదు. తమ్మెరుగని వారు రేపు చేరుదురు. వారు తమ్ము అనుమానింపకుండ ఈ రశీదు తమకు కాపు." పిమ్మట మొదటి రశీదును ఆయన పేరనే వ్రాయవలెను. అధ్యక్షుని ధాన్యము తేమ చూడక తీసికొని, చిన్నరైతు ధాన్యము చూచి తగ్గించిన సంఘములో ఎన్ని పుస్తకములున్నను ప్రయోజనము లేదు.

రాబోవు కోతలకు ముందే ప్రతి సంఘమువారును ఒక సాయంకాలము కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొందురుగాక. మన సొమ్ము ఈ రాత్రి ఎవరివద్ద నున్నది? మన సరుకు ఎచ్చట కలిసిపోవుచున్నది? మనలో ఎవరు పది దినములు ఊర లేకున్న పని నిలిచిపోవును? ఈ మూడింటిలో దేనికి జవాబు తడబడునో, ఆ యొక్క విషయమునకు ఒక పుట వ్రాసికొని కోతలు ప్రారంభింపుడు. తక్కినవి వచ్చే పంటకు చూచుకొనవచ్చును.